మధ్యలో రెండేళ్ళు

"మాస్టారూ, నాకొక అబద్ధం రాసిపెట్టాలి" అన్నాడు ఆ అబ్బాయి.

2025లో దసరా పండుగ వెళ్ళిన తరువాత వచ్చిన ఆదివారం అది. కాఫీ తాగి, వీధి అరుగు మీద కూర్చుని, పేపర్లో పెళ్ళి ప్రకటనలు చదువుకుంటున్నాను. మా యింట్లో పెళ్ళి కావలసినవాళ్ళెవరూ లేరు. కాని ఒక జిల్లా బాగోగులు తెలుసుకోవడానికి వరుల ప్రకటనలను మించిన నివేదిక లేదని నాకొక నమ్మకం. కొన్నేళ్ళ క్రితం ‘సాఫ్టువేరు’ అన్న ఒక్క మాట వుంటే ఎత్తూ రంగూ కూడా రాసేవారు కారు. ఈ మధ్య ‘ప్రభుత్వోద్యోగి అయిన మరీ మంచిది’ అన్న పాతకాలపు మాట మళ్ళీ తొంగిచూస్తోంది. అది చదివి ఆలోచనలో వుండగా వచ్చాడు అబ్బాయి.

వాళ్ళది మా వీధిలో చివరిల్లు. తండ్రి ఆరెకరాలు కౌలుకు తీసుకుని రొయ్యల చెరువులు వేస్తాడు. ఈ అబ్బాయి 2023లో ఇంజనీరింగు పూర్తి చేశాడు. చదివింది మెకానికల్. ఉద్యోగం వచ్చింది సాఫ్టువేరు కంపెనీలో. వచ్చిందనడం నా తొందరపాటు. వస్తుందన్న కాగితం వచ్చింది. 2022 చివర్లో కాలేజీకే వచ్చి పరీక్ష పెట్టి ఎంపిక చేసుకున్నారు. ఆ రోజున వీధి వీధంతటికీ మిఠాయి పంచారు. మాకు రెండు కాజాలూ ఒక లడ్డూ వచ్చాయి. తరువాత చదువు అయిపోయింది. చేరవలసిన తేదీ త్వరలో తెలియజేస్తామని ఒక ఉత్తరం వచ్చింది. ఆరు నెలలకు ఇంకొకటి వచ్చింది, కాస్త ఓపిక పట్టమని. ఏడాది దాటాక మళ్ళీ పరీక్ష రాయమన్నారు. రాశాడు. దాని ఫలితం చెప్పలేదు. ఆఖరికి ‘మీ భవిష్యత్తు ఉజ్జ్వలంగా వుండాలని ఆశిస్తున్నాము’ అంటూ ఒక ఉత్తరం పంపించి చేతులు దులుపుకున్నారు. ఇన్ని ఉత్తరాలలోనూ కంపెనీవారి మర్యాదకు మాత్రం ఎక్కడా లోటు రాలేదు.

"ఏమిట్రా ఆ అబద్ధం?" అన్నాను.

"మీ కాలేజీలో, మీ డిపార్టుమెంటులో, పాత పుస్తకాలు కంప్యూటరు కెక్కించే పనిలో రెండేళ్ళు వున్నానని ఒక సర్టిఫికెట్టు ఇవ్వండి. జీతం లేకుండా చేశానని రాసినా ఫరవాలేదు."

నాకు నవ్వొచ్చింది. మా తెలుగు డిపార్టుమెంటులో వున్న కంప్యూటరు ఒక్కటే. దాని మీద మేము ప్రశ్నపత్రాలు కొట్టుకుంటాం. ఎండాకాలం మధ్యాహ్నం రెండు దాటితే అది పనిచేయదు. ఆ విషయంలో అది మా అందరిలాంటిదే. ఆ మాటే చెప్పబోయి అబ్బాయి మొహం చూసి వూరుకున్నాను.

"ఎక్కడికెళ్ళినా మొదటి ప్రశ్న ఒకటే మాస్టారూ. 2023లో పాసయ్యావు, ఈ రెండేళ్ళూ ఏం చేశావు అంటారు. కంపెనీ పిలుస్తుందని చూస్తూ కూర్చున్నానంటే, ఇంకెవరూ ఎందుకు తీసుకోలేదు అంటారు. ఇంకెవరూ తీసుకోకపోవడానికి కారణం, ఆ ముందువాళ్ళు తీసుకోకపోవడమేగా?"

నేను సమాధానం చెప్పలేదు. రెండు రోజులు వ్యవధి ఇమ్మన్నాను. అబ్బాయి లేచి, అలవాటు ప్రకారం చెప్పులు వేసుకోబోయే ముందు నా వైపు తిరిగి నమస్కారం పెట్టి వెళ్ళాడు. సర్టిఫికెట్టు ఇవ్వనని అప్పుడే చెప్పవలసింది. చెప్పలేకపోవడానికి కారణం వుంది. అది కొంచెం తరువాత చెబుతాను.

మాంద్యం అనే మాట వినగానే మనకి గుర్తుకొచ్చేది ఉద్యోగం పోయినవాడు. 2008 సెప్టెంబరు 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద సంస్థ దివాలా ఎత్తినప్పుడు, అట్టపెట్టెల్లో సామాను సర్దుకుని బయటికొస్తున్న గుమాస్తాల ఫొటోలు ప్రపంచమంతా చూసింది. ఉద్యోగమే రానివాడికి ఫొటో ఎవరు తీస్తారు? వాడు సర్దుకోవడానికి అట్టపెట్టె కూడా లేదు. వాళ్ళ ఇంట్లో, మంచం మీద, ఫోను చేతిలో పట్టుకుని వుంటాడు. అందుచేత మాంద్యం వచ్చినప్పుడు అందరికన్నా ముందు దెబ్బ తినేవాడు లెక్కల్లో అందరికన్నా వెనక కనిపిస్తాడు.

దీని వెనకనున్న తిరకాసు మా కాలేజీలో ఎకనామిక్సు చెప్పే మిత్రుడు నాకు బోధపరిచాడు. లోపలున్నవాణ్ణి పంపించాలంటే యజమానికి చాలా చిక్కులున్నాయి. పరిహారం ఇవ్వాలి, పేపర్లో పడుతుంది, మిగిలినవాళ్ళు బెదిరిపోతారు. బయటున్నవాణ్ణి రానివ్వకుండా వుండటానికి దమ్మిడీ ఖర్చు లేదు. పెద్ద కంపెనీల్లో ఏటా వందకి పదిమందో పదిహేనుమందో తమంతట తామే మానేసి పోతుంటారు. ఆ ఖాళీలు నింపకుండా వూరుకుంటే చాలు, ఎవర్నీ వెళ్ళగొట్టకుండానే కంపెనీ చిక్కిపోతుంది. 2021–22లో, కరోనా తరువాత ప్రపంచమంతా కంప్యూటర్ల మీద పడ్డ రోజుల్లో, ఒక్క టీసీఎస్ కంపెనీయే లక్షమంది కొత్త పట్టభద్రుల్ని తీసుకుంది. అక్కడ అమెరికాలో వడ్డీలు పెరిగి, అక్కడి కంపెనీలు ఖర్చులు బిగించేసరికి, 2023–24 సంవత్సరంలో టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో మూడింటిలో కలిపి ఉద్యోగుల సంఖ్య సుమారు 64 వేలు తగ్గింది. ఆ 64 వేలమందినీ ఎవరో మెడపట్టి గెంటారని కాదు. వెళ్ళినవాళ్ళ కుర్చీలు అలాగే వుంచేశారు. మా వీధి అబ్బాయి కుర్చీ అందులో ఒకటి.

"ఇదంతా మాంద్యమేనా?" అని అడిగాను మిత్రుణ్ణి.

"శాస్త్రప్రకారం అనకూడదు. దేశాదాయం పెరుగుతూనే వుంది. 2020లోలాగా ఆదాయం వరసగా రెండు త్రైమాసికాలు పడిపోతేనే ఆ మాట వాడాలి" అన్నాడు.

శాస్త్రం గొప్పది. కాని ఎండ కాస్తున్నది దేశానికీ, వాన కురుస్తున్నది మా వీధికీ అయినప్పుడు గొడుగు ఎవరి లెక్క ప్రకారం వేసుకోవాలో అది చెప్పదు.

అమెరికాలో వడ్డీ పెరిగితే గోదావరి ఒడ్డున కుర్రాడి పెళ్ళి ఆగిపోవడం ఏమిటని ఎవరైనా అడగవచ్చు. దానికి జవాబు మా పొలాల్లోనే వుంది. డెల్టాలో ఎవరో ఒకరు రొయ్య వేసి రెండు పంటలు బాగుపడితే, మూడో ఏడాదికి చుట్టూ వున్న వరిచేలన్నీ చెరువులవుతాయి. అందరిదీ ఒకటే పంట. తెల్లమచ్చ తెగులు ఒక చెరువులో దిగితే గట్టు దాటి అందరి చెరువుల్లోకీ దిగుతుంది. చదువుల్లోనూ ఈ పనే చేశాం. 2008 ప్రాంతాల నుంచి ప్రభుత్వం ఫీజులు తానే కట్టడం మొదలుపెట్టాక, ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగు కాలేజీలు వందల మీద వందలు లేచాయి. పేదవాడి కొడుకు ఇంజనీరు కావడం చిన్న సంగతేమీ కాదు. ఆ పథకాన్ని నేను తప్పు పట్టను. అయితే సివిలు చదివినా, మెకానికలు చదివినా, ఎలక్ట్రికలు చదివినా ఆఖరికి అందరూ వెళ్ళి నిలబడేది ఒక్క గుమ్మం ముందే. ఆ గుమ్మం హైదరాబాదులోనో బెంగుళూరులోనో వుంది. దాని తాళంచెవి అమెరికాలో వుంది. కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీ వుంది, రేవుంది. వాటిలో ఏటా ఎంతమంది మెకానికల్ ఇంజనీర్లు పడతారు? ఒక్క కాలేజీలో ఒక్క తరగతి నిలబడితే చాలు, అక్కడ నిండిపోతుంది.

ఈ అబ్బాయికి ఇంటిదగ్గరున్న రెండో దారీ 2025లో చెడింది. ఆ ఆగస్టులో అమెరికావారు మన సరుకుల మీద సుంకం 50 శాతం చేశారు. మన రొయ్యకి పెద్ద కొనుగోలుదారు వాళ్ళే. చెరువు గట్టున ధర పడిపోయింది. కొడుక్కి తేదీ చెప్పని దేశమే తండ్రికి ధర చెప్పడం మానేసింది. "మా యింట్లో అమెరికా వెళ్ళినవాళ్ళెవరూ లేరండీ, అయినా మా కష్టాలన్నీ అక్కణ్ణించే వస్తున్నాయి" అన్నాడు ఆ తండ్రి ఒకరోజు, పాలకేంద్రం దగ్గర.

ఇలా దూరదేశపు గుమ్మం మీద ఆధారపడటం మనకేం కొత్త కాదు సుమండీ. మా ముత్తాతగారి తమ్ముడొకాయన ‘రంగం’ వెళ్ళాడని మా యింట్లో చెప్పుకునేవారు. రంగమంటే రంగూను. ఆ రోజుల్లో గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల్లో పని దొరకని కుర్రాడు కాకినాడలోనో విశాఖలోనో ఓడ ఎక్కేవాడు. బర్మావాళ్ళు మనవాళ్ళని ‘కోరంగీలు’ అనేవారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరే ఆ పేరు. అక్కడ రేవులో మూటలు మొయ్యడం, బియ్యపు మిల్లుల్లో పని, తెలుగువాళ్ళ చేతుల్లోనే వుండేవి. 1930 నాటికి ప్రపంచమంతా మాంద్యం కమ్ముకుంది. బియ్యం ధర పడింది. ఆ ఏడాది మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె కట్టారు. యజమానులు బర్మా కూలీలను తెచ్చి పని చేయించారు. తరువాత రాజీ కుదిరి, మనవాళ్ళని మళ్ళీ పనిలోకి పిలిచి బర్మావాళ్ళని పొమ్మన్నారు. ఇద్దరూ పేదవాళ్ళే. పని ఒక్కటి, చేతులు రెండు జతలు. రోజుల తరబడి వీధుల్లో కొట్లాట జరిగింది. వందమందికి పైగా చచ్చిపోయారు.

మా ముత్తాతగారి తమ్ముడు ఆ గొడవలో పోలేదు. తిరిగొచ్చి, అన్నగారి పొలంలో పనిచేస్తూ, ఎవరు ఏమడిగినా ‘రంగంలో అయితేనా...’ అని మొదలుపెట్టేవాడట. ఆయన పెళ్ళి చేసుకోలేదు. ఆ వయసులో చేసుకోవలసినప్పుడు చేతిలో డబ్బు లేదు. డబ్బు వచ్చేసరికి వయసు లేదు. ఆయన గురించి మా యింట్లో చెప్పుకునేటప్పుడు ‘సోమరి’ అనేవారు. చిన్నతనంలో నేనూ అన్నాను.

ఆ పదం దగ్గర నేను కొంచెం ఆగాలి. మాంద్యంలో పడ్డ ప్రతి కుర్రాడికీ ఆ యింటి పెద్దలు ఏదో ఒక పేరు పెడతారు. ఆ కాలంలో ‘సోమరి’. ఈ కాలంలో ‘స్కిల్సు లేవు’. ఈ రెండో మాట ఇంగ్లీషులో వుండటంవల్ల తిట్టులా వినపడదు. 2021–22లో లక్షమందిని తీసుకున్నప్పుడు అందరికీ వున్న నైపుణ్యాలు, రెండేళ్ళు తిరిగేసరికి వాళ్ళ తమ్ముళ్ళకి ఎలా లేకుండా పోయాయో ఎవరూ చెప్పరు. అదే కాలేజీ, అదే పాఠం, అదే మేష్టరు. పైగా ఆ తమ్ముళ్ళే కాస్త ఎక్కువ మార్కులతో పాసయ్యారు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో మన దేశపు ఉపాధి మీద ఒక నివేదిక వేసింది. 2022 నాటి లెక్క అది. యువజనంలో చదవడం రాయడం రానివాళ్ళలో నిరుద్యోగులు నూటికి 3.4 మంది. డిగ్రీ చదివినవాళ్ళలో 29.1. నేను డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పి బతికేవాణ్ణి. ఈ అంకె చదివిన రోజున క్లాసులోకి వెళ్ళడానికి నాకు కాళ్ళు రాలేదు. అక్షరం రానివాడు సుఖంగా వున్నాడని దీని అర్థం కాదు లెండి. వాడికి ఖాళీగా కూర్చునే వీలు లేదు. ఏ కూలి దొరికితే ఆ కూలికి పోవాలి. కూర్చుని ఎదురుచూడటానికి కూడా తండ్రి పెట్టే అన్నం వుండాలి. ఆ అన్నం తింటూ ఎదురుచూడటం ఎంత కష్టమో తిన్నవాడికే తెలుసు.

మా తెలుగు వాళ్ళ సంగతి ఇక్కడ ఒక్క ముక్క చెప్పి దాటిపోతాను. మా పిల్లల కరువుకు అమెరికాతో పనిలేదు, స్వదేశీ కరువే. ఎం.ఏ. చదివి, బి.ఎడ్. చేసి డి.ఎస్.సి. కోసం కూర్చుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో ఒక నోటిఫికేషను వచ్చింది. 2024 ఫిబ్రవరిలో ఇంకొకటి వచ్చినట్టే వచ్చి రద్దయింది. 2025లో 16,347 పోస్టులకు పరీక్ష జరిగింది. మూడు లక్షల మందికి పైగా దరఖాస్తు పెట్టారు. వయోపరిమితి 44కి పెంచారు కనక, నేను పాఠం చెప్పిన పిల్లలూ, నాతో కలిసి చదువుకున్నవాళ్ళూ ఒకే గదిలో కూర్చుని ఒకే పరీక్ష రాశారు.

ఇప్పుడు ఆ కారణం చెబుతాను.

మా తమ్ముడు 2009లో ఇంజనీరింగు పూర్తి చేశాడు. వాడికీ ముందే ఆఫరు వచ్చింది. మా అమ్మ ఆ కాగితానికి పసుపు పెట్టి దేవుడి గూట్లో వుంచింది. తరువాత లేమన్ బ్రదర్స్ కూలింది. 2009 జనవరి 7న సత్యం కంపెనీ అధిపతి లెక్కలన్నీ తప్పుడు లెక్కలేనని తానే ఉత్తరం రాసి ఒప్పుకున్నాడు. మా తమ్ముడి కంపెనీ అది కాదు. అయినా ఆ ఏడు హైదరాబాదులో ఏ కంపెనీ గుమ్మమూ తెరుచుకోలేదు. వాడు అమీర్‌పేట వెళ్ళి, ఒక గదిలో ఆరుగురు వుండే హాస్టల్లో చేరి, మైత్రీవనం చుట్టుపక్కల ఒక కోర్సు తరువాత ఒక కోర్సు చదివాడు. పధ్నాలుగు నెలలు గడిచాయి. నెలకి మూడువేలు నేను పంపేవాణ్ణి. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి కొద్దికాలమే అయింది. ఉద్యోగం వచ్చినవాడికి వుండే తెలివంతా నాకూ వుండేది.

ఒకసారి సంక్రాంతికి వచ్చినప్పుడు, భోజనాల దగ్గర, అందరూ వింటుండగా అన్నాను: "ప్రతిభ వున్నవాడికి ఎప్పుడైనా ఉద్యోగం వస్తుందిరా. ముందు నీలో లోపమేమిటో చూసుకో."

వాడు ఏమీ అనలేదు. కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచాడు. అమ్మ నా వైపు చూసింది. మరుసటి నెలలోనే వాడికి ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంలోంచి నాకు చొక్కా గుడ్డ పంపించాడు. నా మాట పనిచేసిందనుకున్నాను. పదిహేనేళ్ళు అలాగే అనుకున్నాను. ఎంతమంది విద్యార్థులకో ఆ కథ చెప్పాను కూడా.

వీధి చివరి అబ్బాయి వచ్చి వెళ్ళిన రాత్రి మా తమ్ముడికి ఫోను చేశాను. వాడు ఇప్పుడు హైదరాబాదులో ఒక మాదిరి పెద్ద ఉద్యోగంలోనే వున్నాడు. తన కింద కొత్తవాళ్ళని తీసుకునే పని కూడా వుంది.

"అన్నయ్యా, గ్యాపు వున్న దరఖాస్తులు నా దాకా రావు. కంప్యూటరే తీసి పక్కన పెట్టేస్తుంది. పాసైన సంవత్సరం పాతదైతే ఎవరూ తెరిచి చూడరు. ఈ ఏడాది పాసైనవాళ్ళే కుప్పలుగా వుంటే, రెండేళ్ళ కిందటివాణ్ణి ఎవరు చూస్తారు?"

"నీకూ గ్యాపు వుందిగా? పధ్నాలుగు నెలలు?"

అవతల చాలాసేపు మాట లేదు. ఫోను కట్టయిందేమో అనుకున్నాను.

"నేను చూపించలేదన్నయ్యా" అన్నాడు. "అమీర్‌పేటలో ఒకడికి పాతికవేలిచ్చాను. ఏడాది ఎక్కడో పనిచేసినట్టు కాగితాలిచ్చాడు. జీతపు చీటీలతో సహా. అప్పట్లో మా గదిలో ఆరుగురిలో నలుగురం అలాగే చేశాం. మిగిలిన ఇద్దరూ వూరికెళ్ళిపోయారు."

"పాతికవేలు ఎక్కడివిరా?"

"అమ్మ గాజులు."

అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆ గాజులు చిన్నవైపోయి మార్చేశానని నాతో చెప్పింది.

సాహిత్యం చదువుకున్నవాణ్ణి. హరిశ్చంద్రుడి కథ ఏటా పాఠం చెప్పినవాణ్ణి. తమ్ముణ్ణి కోప్పడాలో, వాణ్ణి అబద్ధానికి తోసిన ఆ ఏడాదిని కోప్పడాలో, భోజనాల దగ్గర నేనన్న మాటని కోప్పడాలో నాకు తేలలేదు. "పడుకోరా, పొద్దుపోయింది" అని ఫోను పెట్టేశాను.

మర్నాడు ఎకనామిక్సు మిత్రుణ్ణి మళ్ళీ పట్టుకున్నాను, పేర్లు చెప్పకుండా. చెడ్డ కాలంలో చదువు ముగించినవాళ్ళు తరువాత కాలం బాగుపడగానే తేరుకుంటారా అని అడిగాను. కెనడాలో పట్టభద్రుల జీతాలను ఏళ్ళ తరబడి వెంబడించి 2012లో అచ్చువేసిన ఒక పరిశోధన సంగతి చెప్పాడు. మాంద్యంలో బయటికొచ్చినవాడికి మొదట్లో జీతం తొమ్మిది శాతం దాకా తక్కువగా వుంటుందట. అయిదేళ్ళకి ఆ తేడా సగమవుతుంది. పూర్తిగా పోవడానికి పదేళ్ళు పడుతుంది. తేరుకునేవాళ్ళు కూడా చిన్న కంపెనీలోంచి పెద్ద కంపెనీలోకి మెట్టు మెట్టుగా మారుతూ తేరుకుంటారు. కాస్త తక్కువరకం కాలేజీల్లో చదివినవాళ్ళు చాలాకాలం దాకా తేరుకోరు. ఇంకో రెండేళ్ళు ముందో వెనకో పుట్టివుంటే వాళ్ళకి ఈ గొడవే లేదు.

"అక్కడి సంగతి అది. అక్కడ ఒకసారి లోపలికి వచ్చినవాడి లెక్క. మనదగ్గర లోపలికి రావడమే కదా చిక్కు" అన్నాడు మిత్రుడు. "ఒక ఏడాదివాళ్ళని వచ్చే ఏడాదివాళ్ళతో కలిపి పరీక్ష పెడితే సగం చిక్కు తీరుతుంది. ‘ఫలానా సంవత్సరం పాసైనవాళ్ళే అర్హులు’ అన్న ఒక్క వాక్యం ప్రకటనలోంచి కొట్టేస్తే చాలు. దానికి పైసా ఖర్చు లేదు."

అది నాకు బాగా నచ్చింది. మనం పథకాల గురించీ, శిక్షణ గురించీ, కోట్ల గురించీ మాట్లాడుకుంటాం. ఆ ఒక్క వాక్యాన్ని రాసినవాడెవడో, దాన్ని ఎందుకు రాశాడో, ఎవరూ అడగరు. బహుశా వాడికి కాగితాల కుప్ప తగ్గించుకోవడానికి ఏదో ఒక వంక కావలసి వచ్చి వుంటుంది. పేకాటలో ముక్కలు ఎక్కువయితే జోకర్లు తీసి పక్కన పెట్టినట్టు పెట్టాడు.

రెండో రోజు సాయంత్రం నేనే వాళ్ళింటికి వెళ్ళాను. అబ్బాయి వీధి వసారాలో పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని లెక్కలు చెబుతున్నాడు. ఎనిమిది, తొమ్మిది, పది క్లాసుల పిల్లలు పదకొండుమంది. రోజూ ఆ దారినే వెళతాను; వాళ్ళ అరుపులు వింటాను; ఆ సంగతి నా బుర్రలోకి ఎన్నడూ ఎక్కలేదు. తల్లి మంచినీళ్ళిచ్చింది. మాటల్లో తెలిసింది: చెరువుల ఖాతా అంతా అబ్బాయే చూస్తున్నాడు. ఏ రోజున ఎంత మేత, ఏరేటర్లు ఎన్ని గంటలు, కరెంటు ఎంత, నీటిలో ఉప్పెంత, అన్నీ కంప్యూటర్లో పట్టికలు కట్టాడు. సుంకం పెరిగిన నెలలో ధర పడుతుందని ముందే పసిగట్టి ఒక చెరువు ముందుగా పట్టించాడు. ఆ ఒక్క చెరువులోనే వాళ్ళకి నష్టం రాలేదు.

"ఇదంతా దరఖాస్తులో ఎందుకు రాయలేదురా?" అన్నాను.

"రొయ్యలకి మేత వేశానని రాస్తే నవ్వుతారు మాస్టారూ."

ఇంటికొచ్చి కాగితం తీసి నేనే రాశాను, ఇంగ్లీషులో. నా ఇంగ్లీషు కొంచెం ఛందోబద్ధంగా వుంటుంది కనక మా ఎకనామిక్సు మిత్రుడి చేత దిద్దించాను. ఈ అబ్బాయి ఈ రెండేళ్ళూ ఆరెకరాల చెరువుల లెక్కలు చూశాడనీ, పదకొండుమంది పిల్లలకు లెక్కలు చెప్పాడనీ, వాళ్ళలో పదో తరగతి రాసిన నలుగురూ పాసయ్యారనీ, ఇదంతా పక్కింటివాడిగా నాకు తెలుసుననీ రాశాను. కింద నా పేరు, ఉద్యోగం, ఫోను నెంబరు వేశాను. కాలేజీ ముద్ర వెయ్యలేదు. అది కాలేజీ సంగతి కాదు కదా.

అబ్బాయి రెండుసార్లు చదివాడు. "చాలా బాగా రాశారు మాస్టారూ" అన్నాడు. ఆ గొంతు నాకు తెలుసు. పరీక్షలో తప్పినవాడికి నేను ‘ఫరవాలేదులే’ అనేటప్పుడు నా గొంతు అలాగే వుంటుంది.

"పనికిరాదంటావా?"

"వుంచుకుంటానండి." మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. కాసేపాగి, "మీ తమ్ముడిగారి నెంబరు ఇస్తారా?" అన్నాడు.

ఇచ్చాను. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఇద్దరిలో ఎవరూ నాకు చెప్పలేదు. దీపావళి వెళ్ళిన మర్నాడు అబ్బాయి గౌతమి ఎక్కి హైదరాబాదు వెళ్ళాడు. తండ్రి సామర్లకోట దాకా వెళ్ళి రైలెక్కించి వచ్చాడు. సంచిలో నా కాగితం వుందని తల్లి చెప్పింది. ఇంకేవైనా కాగితాలు కూడా వున్నాయేమో నేను అడగలేదు.

అమీర్‌పేటలో గదిలో అయిదుగురట. ఆరో మంచం ఖాళీగా వుందట.

వెళుతూ వెళుతూ వాడు నాకొక పని అంటగట్టి పోయాడు. ఆ పదకొండుమంది పిల్లలూ ఇప్పుడు సాయంత్రం ఆరు గంటలకి మా అరుగు మీదికి వస్తున్నారు. నిన్న ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె ఘనమూలం ఎలా కనుక్కోవాలో చెప్పమంది. ముందు తెలుగు వాచకం తియ్యమన్నాను.